నొక్కుపడ్డ గారె

గారె నొక్కుపడింది.

లాప్‌టాప్ తెర మీది ఆ వెలుగు వలయాన్ని పద్మిని రెప్ప వెయ్యకుండా చూస్తోంది. నిన్నటిదాకా అది గుండ్రంగా, నడిమధ్య చిల్లుతో, అప్పుడే నూనెలోంచి తీసినట్టు నిండుగా ఉండేది. ఇవాళ ఎడమ పక్క అడుగున ఎవరో బొటనవేలితో అదిమినట్టు లోపలికి పోయింది.

దానికి గారె అని పేరు పెట్టింది పద్మిని కాదు, ఆమె అత్తగారు కాసులమ్మ. పోర్ట్ బ్లెయిర్‌కి ఎదురుగట్టున హోప్ టౌన్‌లో వాలు మీదున్న తమ ఇంటి డాబా పైకి కోడలి ఆఫీసు పెట్టెలు చేరిన కొత్తలో కాసులమ్మ మెట్లెక్కి వచ్చి, తెరలోకి తొంగిచూసి, "ఇంత సదువు సదివి గారెలు సేస్తన్నావేటే పిల్లా!" అంది.

పద్మిని నవ్వి చెప్పింది. మామూలు వెలుగు తిన్నగా పోతుంది. దాన్నే తాడు పేనినట్టు మెలిపెట్టి పంపితే ఎదుటి పక్క చుక్కలా కాకుండా ఇలా చిల్లుగారెలా పడుతుంది. ఒక్కో రకం మెలికకు ఒక్కో గారె. ఒకే దారిలో నాలుగు మెలికలు పంపితే నాలుగు వేరు వేరు కబుర్లు ఒకదాన్నొకటి తగలకుండా వెళతాయి. సముద్రం అడుగున తీగ వెయ్యక్కర్లేదు, కొండ చుట్టూ రోడ్డు తవ్వక్కర్లేదు. ఇవతల ఈ డాబా, అవతల పోర్ట్ బ్లెయిర్‌లో ఇంకో డాబా, మధ్యలో హార్బరు.

"మరి కష్టం ఏటి?" అని అడిగింది కాసులమ్మ.

"గాలి."

"గాలి వెలుగునేటి సేస్తాదే?"

చేస్తుంది. నీళ్ళ మీది గాలి ఒక్క తీరున ఉండదు. ఎండ తగిలిన చోట వేడెక్కి లేస్తుంది, మబ్బు నీడన చల్లగా దిగుతుంది. ఆ ఎగుడుదిగుళ్ళలో పడి మెలికలు చిక్కుపడతాయి. ఒకదానిలో పోవాల్సింది పక్కదానిలోకి జారిపోతుంది. అందుకని గాలి ఎలా చెడగొడుతుందో ముందే పసిగట్టి, దానికి విరుగుడు వంకర ఇక్కడే పెట్టి పంపాలి. ఇక్కణ్ణించి వంకరగా బయల్దేరింది అక్కడికి చేరేసరికి చక్కబడాలి. ఆ విరుగుడు కనిపెట్టే యంత్రానికి పద్మిని వానలు ఆగినప్పటినుంచీ రోజూ పొద్దున్నే ఈ డాబా మీద కూర్చుని నేర్పింది. నిన్నటికి దానికి బాగా వచ్చింది. నాలుగు గారెలూ చెక్కు చెదరలేదు.

ఇవాళ పరీక్ష. బెంగుళూరు హెడ్డాఫీసు నుంచి సరోజిని మేడమ్ వచ్చి అవతలి డాబా గదిలో కూర్చుంది. నాలుగు మెలికల్లో వచ్చే నాలుగు కెమెరా బొమ్మలు నాలుగు తెరల మీద చూస్తోంది. జెట్టీ, బడి, ఆరోగ్య కేంద్రం, ఈ డాబా. మధ్యాహ్నం ఆవిడ విమానం ఎక్కేదాకా ఆ బొమ్మలు చెదరకుండా నిలబడాలి. నిలబడితే యంత్రం ఇక్కడే ఉంటుంది. లేకపోతే చెన్నై ఓడ ఎక్కుతుంది, దానితో పాటు దాన్ని నడిపే మనిషి కూడా. ఖాళీ చెక్కపెట్టెలు నిన్ననే వచ్చి వరండాలో కూర్చున్నాయి. రాత్రి అన్నం తింటూ భర్త నాగబాబు వాటివైపు చూసి, "అవి ఎళ్తే నువ్వూ ఎళ్తావా?" అని అడిగాడు. అతను హార్బరులో ఫెర్రీ నడిపే సారంగు. రోజుకెన్నిసార్లు నీళ్ళు దాటినా రాత్రికి ఇంటికి చేరే మనిషి. పద్మిని మజ్జిగ పోసుకుంది.

ఫోను మోగింది. అవతలి డాబా మీద ఉండే పూర్ణచంద్ర. బతు బస్తీ కుర్రాడు, ఆమెకు ఆఫీసులో చేదోడు.

"దీదీ, బడి బొమ్మలోకి జెట్టీ వచ్చేస్తోంది. పిల్లల తలల మీద బోట్లు ఈదుతున్నాయి. మేడమ్ పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నారు."

"అద్దం తుడిచావా?"

"రెండుసార్లు తుడిచాను."

"గురి?"

"గురి పక్కా. కుచ్ తో గడ్‌బడ్ హై దీదీ. ఏదో తేడా ఉంది, నావైపు కాదు. నీవైపే."

పద్మిని తనవైపు అద్దం మెత్తటి గుడ్డతో తుడిచింది. మరలు బిగించింది. గురి ఒకసారి విప్పి మళ్ళీ కట్టింది. గారె కొంచెం కదిలింది గాని నొక్కు అలాగే ఉంది. విరుగుడు యంత్రాన్ని ఆపి చూసింది. ఆపగానే గారె మొత్తం కుక్క చింపిన విస్తరిలా చీలికలైపోయింది.

"దీదీ! దీదీ, అన్నీ పోయాయి!" అని ఫోనులో పూర్ణచంద్ర గొల్లుమన్నాడు.

గబుక్కున మళ్ళీ వేసింది. యంత్రం లేకపోతే సముద్రపు గాలికి గారె క్షణం నిలవదు. యంత్రం ఉంటే నొక్కు.

ఫోనులో ఇంకో గొంతు వినిపించింది. నెమ్మదిగా, ఎత్తుపల్లాల్లేకుండా.

"పద్మినిగారూ, నిన్న సాయంత్రం మీరు పంపిన రికార్డుల్లో ఈ వంకర లేదు. ఇవాళ వాతావరణం నిన్నటికన్నా నెమ్మదిగా ఉంది. అంటే ఇంకా బాగుండాలి కదా?"

"అవును మేడమ్."

"మరి?"

"చూస్తున్నాను మేడమ్."

"చూడండి. నాకు తొందర లేదు. విమానానికే ఉంది."

నెమ్మదిగా ఉంది. ఆ మాట పద్మిని చెవిలో చిక్కుకుంది. ఆమె హార్బరు వైపు చూసింది. నీళ్ళు నూనె పోసినట్టున్నాయి. దూరంగా నాగబాబు ఫెర్రీ కాబోలు, చాథం రేవు వైపు బద్ధకంగా తిరుగుతోంది. కొబ్బరాకు కదలడం లేదు. ఇంత నిలకడైన పొద్దు ఈ మధ్య లేదు. ఇలాంటి గాలిలో గారె చెడడమేమిటి?

మళ్ళీ తెర చూసింది. ఈసారి గారెను కాదు, నొక్కును చూసింది. గాలి చేసే వంకర ఒక్కచోట నిలవదు. పసిపిల్ల చేతిలో పిండిముద్దలా క్షణానికో ఆకారం తిరుగుతుంది. ఇది తిరగడం లేదు. ఒకే చోట, ఒకే లోతున ఉంది, మేకు దిగ్గొట్టినట్టు.

ఇది గాలి చేసింది కాదు, యంత్రమే చేస్తోంది. లేని జబ్బుకి మందు పోస్తోంది.

ఏ జబ్బు? రోజూ పొద్దున్నే ఉండి, ఇవాళ లేనిదేమిటి?

ఆమె ముక్కుకి జవాబు ముందు తట్టింది. డాబా మీద ఏ వాసనా లేదు. ఇన్ని నెలల్లో మొదటిసారి, కొబ్బరి డొక్కల పొగ వాసన లేదు.

పద్మిని డాబా అంచుకి వెళ్ళి కిందకి చూసింది. యంత్రం పెట్టె కిటికీలోంచి వెలుగు బయటికి పోయే దారికి సరిగ్గా కింద, ఎడమ పక్కన, కాసులమ్మ పొయ్యి పాక. పాక అంటే వెనక గోడా, నాలుగు గుంజలూ, వెనక సగానికి తాటాకు. పొయ్యి మీద మాత్రం ఆకాశమే. కాసులమ్మ తెల్లవారక ముందే ఆ పెద్ద పొయ్యి ముట్టిస్తుంది. జెట్టీకి వెళ్ళే బోటువాళ్ళకి ఇడ్లీలు, గారెలు. అవి దిగాక ఆ సెగ వృథా పోకుండా పక్కింటి ఎరుకమ్మ ఎసరు గిన్నె తెచ్చి పెట్టుకుంటుంది. మధ్యాహ్నం దాకా ఆ పొయ్యి మీదనుంచి వేడిగాలి ఒకే చోట, ఒకే తీరున, స్తంభంలా లేచి వెలుగు దారిలోకి వస్తుంది. యంత్రం సముద్రంతో పాటు దాన్నీ నేర్చుకుంది. ఉప్పూ కారం కలిసిన కూరలోంచి ఉప్పొక్కటీ ఎలా తియ్యలేమో, దాని బుర్రలోంచి ఈ పొయ్యిని ఇప్పటికిప్పుడు తియ్యలేం. మళ్ళీ నేర్పాలంటే వారాలు కావాలి. విమానం మధ్యాహ్నం.

మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు.

పొయ్యి పాకలో కాసులమ్మ పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఉతికిన చీర, నుదుట పెద్ద బొట్టు. పక్కన ఎరుకమ్మ తమలపాకు నములుతోంది. పొయ్యి తడితడిగా, మట్టితో అలికి, పసుపు రాసి, బొట్లు పెట్టి ఉంది. ముందు ముగ్గు. బూడిద అంతా ఎత్తేసి, నీళ్ళు చల్లి, పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టారు దాన్ని.

"అయిపోయిందా పరీచ్చ?" అంది కాసులమ్మ, మొహం విప్పార్చుకుని.

"అత్తయ్యా, పొయ్యి ఎందుకు వెలిగించలేదు?"

"ఎందుకేటి, నీ కోసమే. ఆ దినం నువ్వు అరిసినావు కదా, నీ పొగతో నా పని పాడయిపోతందని. మసి ముక్క అద్దం మీద పడిందని ఎంత గోల! మర్చిపోతానా? నిన్ననే బోటోళ్ళకి సెప్పేసినాను, రేపు బంద్, నా కోడలికి పరీచ్చ, బన్ను తిని సావండని. ఇదిగో, ఈ ఎరుకమ్మ సేత కూడా మానిపించినాను."

"నాకైతే గాస్ మీద అన్నం సయించదు," అంది ఎరుకమ్మ. "అయినా ఊరుకున్నాను. వీధి మొత్తానికి ఈ పొద్దు పొగ లేదమ్మా. ఎదురింటి నూకయ్య చేపలు కాల్చుకుంటానంటే కూడా తిట్టి పంపింది మీ అత్త."

పద్మిని పొయ్యి వైపు వేలు చూపించింది.

"అత్తయ్యా, ఇప్పుడు వెలిగించాలి. వెంటనే."

కాసులమ్మ మొహం మారింది. "ఏటీ?"

"ఆ యంత్రానికి మీ పొయ్యి అలవాటైపోయింది. రోజూ ఉండే సెగ ఇవాళ లేకపోయేసరికి తడబడుతోంది. తప్పు నాది. నేను చూసుకోలేదు."

"ఉంటే తప్పు, లేకపోతే తప్పు!" కాసులమ్మ గొంతు పెద్దదైంది. "నీ పొయ్యి ఆపు అన్నావు. ఆపితే ముట్టించు అంటన్నావు. నేనేటి, నీ కరెంటు సిచ్చునా పిల్లా, మెట్లెక్కితే నొక్కి దిగితే నొక్కడానికి?"

"అత్తయ్యా..."

"నూకాలమ్మకి మొక్కుకున్నాను. కోడలి పని అయిందాకా ఈ పొయ్యిలో నిప్పెయ్యనని. పసుపు రాసి మరీ మొక్కుకున్నాను."

ఎరుకమ్మ నమలడం ఆపేసింది. మొక్కు మాట వచ్చాక నడుమ మాట్లాడకూడదు. పైన డాబా మీద ఫోను మళ్ళీ మోగుతోంది, ఆగి మళ్ళీ మోగుతోంది.

పద్మిని ముగ్గు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. రంగత్ ఊళ్ళో టీచర్ల ఇంట పుట్టి, పుస్తకాల్లో పెరిగి ఈ ఇంటికి వచ్చిన కోడలు. ఇన్నేళ్ళలో అత్తగారిని ఏదీ అడిగి తీసుకోలేదు. ఇస్తే తీసుకుంది, లేకపోతే మానేసింది.

"వరండాలో ఆ పెట్టెలు చూశారా? పొయ్యి వెలగకపోతే మధ్యాహ్నానికి యంత్రం వాటిలోకి వెళ్తుంది. దానితో నేనూ చెన్నై వెళ్ళాలి. నాకు వెళ్ళాలని లేదు అత్తయ్యా."

కాసులమ్మ కోడలి మొహం చూసింది. తర్వాత పొయ్యిని చూసింది.

"నూకాలమ్మకి నేను జవాబు సెప్పుకుంటాను," అంది చివరికి, నడుం పట్టుకుని లేస్తూ. "ఆ బెంగుళూరామెకి నువ్వు సెప్పుకో. ఎరుకీ, లే. ఎండు డొక్కలు నీ ఇంట్లో ఉన్నాయా? నావన్నీ కడిగేసినాను."

"కడిగినావా! డొక్కలు కూడానా?"

"మసి ఎగరకూడదని. నోరు ముయ్యి, ఎల్లు."

ఎరుకమ్మ గంపెడు డొక్కలు తెచ్చింది. తడి పొయ్యి మొండికేసింది. అగ్గిపుల్ల వెలిగినట్టే వెలిగి చుయ్యిమని ఆరిపోయింది. పద్మిని పరుగున వెళ్ళి కిరసనాయిలు సీసా తెస్తే కాసులమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇడ్లీల పొయ్యిలో కిరసనాయిలా? రేపు జనం ఏటి తింటారు? ఇలా తే, కొబ్బరి పీచు. ఊదు. నీ సదువంతా పెట్టి ఊదు."

పద్మిని ఊదింది. పీచు బూడిద కళ్ళలో పడింది. మళ్ళీ ఊదింది. పీచు ఎర్రబడి, డొక్క అంచు పట్టుకుని, చిన్న మంట నాలుక చాపింది. పసుపు మీద మసి పాకుతుంటే కాసులమ్మ కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. తర్వాత ఇడ్లీ పాత్ర నిండా నీళ్ళు పోసి పొయ్యి మీదికెత్తింది. "ఉత్తి మంట వేరు, పాత్ర సెగ వేరు. రోజూ ఎలాగుంటాదో అలాగే ఉండాలి కదా నీకు?"

పద్మిని పైకి పరుగెత్తింది.

తెర మీద నొక్కు కదిలింది. లోపలికి పోయిన అంచు కొంచెం కొంచెంగా పైకి ఉబికింది, పిండి పొంగినట్టు. ఒకసారి ఆగింది. కింద కాసులమ్మ ఇంకో గుప్పెడు డొక్కలు వేసినట్టుంది, పాత్ర మీదనుంచి ఆవిరి లేచింది. గారె గుండ్రంగా నిలబడింది.

"దీదీ!" పూర్ణచంద్ర గొంతు ఫోనులో గుసగుసగా వచ్చింది. "నాలుగూ పక్కా! బడిలో పిల్లలు, జెట్టీలో బోట్లు, ఎవరిచోట వాళ్ళు. ఏం చేశావో ఏమో, నాకు చెప్పకు. ఎవరికీ చెప్పకు. బస్, చాలు, మధ్యాహ్నం దాకా ఇలాగే ఉంచు."

అలాగే ఉంచొచ్చు. డొక్కలున్నాయి, ఎరుకమ్మ ఉంది. మేడమ్ విమానమెక్కుతుంది, ఖాళీ పెట్టెలు ఖాళీగానే వెనక్కి పోతాయి. కళ్ళలో పడ్డ బూడిద కొంగుతో తుడుచుకుంటూ పద్మిని తెర వైపు చూసింది. ఇంత గుండ్రటి గారె తన జీవితంలో చూడలేదు. కానీ అది నిలబడింది తన విరుగుడు మీద కాదు, ఒక పొయ్యి మీద. రేపు కాసులమ్మకి జ్వరమొస్తే బడిలో బోట్లు ఈదుతాయి. ఈ సంగతి మేడమ్‌కి తెలియదు. కింద అత్తగారన్న మాట గుర్తొచ్చింది.

బెంగుళూరామెకి నువ్వు సెప్పుకో.

"పూర్ణా, మేడమ్‌కి ఫోనివ్వు."

"దీదీ, వద్దు..."

"ఇవ్వు."

ఎత్తుపల్లాల్లేని గొంతు వచ్చింది. "బాగుపడింది. ఏం మార్చారు?"

"నేనేమీ మార్చలేదు మేడమ్. మా అత్తగారు పొయ్యి వెలిగించారు." తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. పొయ్యి సంగతి, వేడి స్తంభం సంగతి, యంత్రం దాన్నీ నేర్చుకున్న సంగతి, ఇవాళ వీధంతా పొగ ఆపిన సంగతి. దాచుకోవడానికి ఏమీ మిగలకుండా చెప్పింది. "మా యంత్రానికి సముద్రం వచ్చు. కానీ పొయ్యి లేని సముద్రం రాదు. నిన్నటి రికార్డులు అబద్ధం కావు గాని, అవి పూర్తి నిజమూ కావు."

అవతల పెన్ను మూత రెండుసార్లు టక్కుమంది.

"ఆర్పండి," అంది సరోజిని.

"మేడమ్?"

"ఆ పొయ్యి ఆర్పండి. నేను చూడాలి. తర్వాత మళ్ళీ వెలిగించండి."

పద్మిని అంచు మీద నుంచి వంగి చెప్పింది. కింద కాసులమ్మ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. "ఆర్పమంటందా? ఇప్పుడే కదే నూకాలమ్మతో తగువాడి ముట్టించినాను! ఆమెకి పెళ్ళయిందా, పొయ్యి ముట్టించడం తెలుసా అసలు?"

ఫోను చెవి దగ్గరే ఉంది. "తెలుసని చెప్పండి," అంది సరోజిని. "మా అమ్మ దగ్గర రంపపు పొట్టు పొయ్యి ఊదేదాన్ని."

కాసులమ్మ పాత్ర దించింది. మండే డొక్కలు పట్టకారుతో లాగి పక్కకి నెట్టింది, పొయ్యి నోటికి తడి గోనె కప్పింది. తెర మీద గారె మెల్లిగా ఎడమ పక్కకి కుంగింది. మళ్ళీ డొక్కలు తోసింది, పాత్ర ఎక్కించింది. గారె ఉబికింది. ఇంకోసారి తియ్యమంది సరోజిని. మూడోసారికి కాసులమ్మ తిట్లు జెట్టీ దాకా వినిపించి ఉంటాయి. ఎరుకమ్మ కిందనుంచి, "తెలివి పొయ్యికేటి, యంత్రానికేటి! రెండూ ఆ బెంగుళూరామె చెప్పినట్టే ఆడతన్నాయి," అంది. పద్మిని తీర్పు కోసం గోడ పట్టుకుని నిలబడింది.

"వినండి," అంది సరోజిని. "ఇవాళ్టి పరీక్ష మీరు తప్పారు. అలాగే రాస్తాను."

పద్మిని కళ్ళు మూసుకుంది. వరండాలో చెక్కపెట్టెల వాసన పైదాకా వచ్చినట్టనిపించింది.

"పెట్టెలు మాత్రం ఓడెక్కవు. ఎక్కడో దూరంగా, ఎవరూ వంట చెయ్యని కొండ మీద పెట్టి నేర్పితే ఈ యంత్రం ఊళ్ళో ఎందుకూ పనికిరాదని ఇవాళ నాకు అర్థమైంది. ఊరన్నాక పొయ్యిలుంటాయి, ఉండవు. దానికి రెండూ రావాలి. ఉన్న రోజులూ, లేని రోజులూ, రెండూ చూపించి నేర్పండి. వానలు వెళ్ళాక మళ్ళీ వస్తాను. అప్పుడు వెలిగిస్తారో ఆర్పుతారో నాకు ముందు చెప్పొద్దు."

మేడమ్ ఫోను పెట్టేశాక కూడా పద్మిని దాన్ని చెవి దగ్గరే ఉంచుకుంది. డాబా మీదే చతికిలబడింది. మెట్ల మీద అడుగుల చప్పుడయింది. కాసులమ్మ ఆయాసపడుతూ పైకొచ్చి, మసి చేతులు కొంగుకి తుడుచుకుంటూ నిలబడింది.

"ఏటంది? ఎల్తన్నావా?"

"లేదు అత్తయ్యా. పరీక్ష తప్పాను. ఇక్కడే ఉంటున్నాను."

"తప్పినావా? తప్పితే పంపిస్తామన్నారు కదే?"

"మీరు ఒకరోజు పొయ్యి వెలిగించాలి, ఒకరోజు మానెయ్యాలి. కొన్ని నెలల పాటు."

కాసులమ్మకి ఆ మాట అందడానికి కొంచెం టైము పట్టింది. "ఒకరోజు మానెయ్యాలా? బోటోళ్ళ కడుపులకి ఎవులు సెప్తారు ఆ మాట? నీ మొగుడే మొదట ఇడ్లీలేవని అడుగుతాడు."

"మానేసిన రోజు వెనక వంటింట్లో గాస్ మీద నేను చేస్తాను. అక్కడి సెగ ఇటు రాదు."

"నువ్వా? ఇడ్లీలా?" కాసులమ్మ కోడల్ని ఎగాదిగా చూసింది. "మీ రంగత్ ఇడ్లీలు తెడ్డేసి కొట్టినా ఇరగవు. పిండి నేనే కలిపి ఇస్తాను. నువ్వు ఆవిరి పెట్టు, అంతే."

తెర మీద గారె ఇంకా గుండ్రంగానే ఉంది. కాసులమ్మ దాన్ని కాసేపు చూసి, నాలుగు మెట్లు దిగి, మళ్ళీ ఆగింది.

"నూకాలమ్మకి మాత్రం కోడి బాకీ. అది నీ కాతాలోనే."

సాయంత్రం నాగబాబు ఫెర్రీ దిగి ఇంటికొచ్చేసరికి వరండాలో చెక్కపెట్టె ఒకటి మూత తెరిచి ఉంది. గబుక్కున లోపలికి చూశాడు. అడుగునుంచి అంచుదాకా ఎండబెట్టిన కొబ్బరి డొక్కలు. పక్క పెట్టె మీద కూర్చుని తల్లి పిండి రుబ్బడానికి మినపప్పు చేటలో పోసి ఏరుతోంది.

"డొక్కలు ఎల్లుండికి," అంది కొడుకుతో, తలెత్తకుండా. "రేపు పొయ్యి బంద్."